స్తంభం దగ్గర పాడుకున్న కోటు

పోర్ట్‌లాండ్, మెయిన్
4 అక్టోబర్ 1836

తమ్ముడు ఏసాకు,

నీ మీద కోపం ఇంకా తీరలేదు. అందుకని ముందు ఆ సంగతే రాసి, తర్వాత మిగతావి రాస్తాను.

మీ బావ పోయిన వారం ఓడెక్కాడు. నీ ఓడ కాదు. ఆ శనివారం చిక్కుడు గింజలు వడ్డిస్తుండగా మీరిద్దరూ అనుకున్న మాటలు ఇంకా నా చెవుల్లో ఉన్నాయి. "నల్లవాడికి ఇక ఓడ మీద మిగిలింది గరిటే బావా. నాతో రా, వంటగదిలో ఇంకో మనిషికి చోటుంది" అన్నావు. అన్నం తినే మనిషితో అనవలసిన మాటేనా అది? "గరిటె నువ్వే పట్టుకో బామ్మర్దీ, నేను చచ్చేదాకా తాడే లాగుతా" అని ఆయన కంచం ముందునుంచి లేచాడు. నువ్వు వెళ్లిన మర్నాటి నుంచి రేవంతా తిరిగాడు. తెరచాప పాట అందుకుంటే పదిమంది బలం వచ్చే మనిషికి, ప్రతి ఓడలోనూ "వంటవాడు కావాలి" అన్న మాటే ఎదురైంది. ఆఖరికి హ్యారియట్ క్రేన్ అనే ఓడ కెప్టెన్ టార్బెల్ డెక్కు మీద పనికి తీసుకుంటానన్నాడు. ఆ ఒక్క మాటకి సంతకం పెట్టేశాడు.

హవానా ప్రయాణం. చెక్క పలకలు, ఎండుచేప పట్టుకెళ్లి చెరుకు మడ్డి తెస్తారు. క్రిస్మస్‌కి ఇంట్లో ఉంటాడు. బానిసలుండే దక్షిణాది రేవులకైతే రానని మీ బావ ముందే చెప్పాడట. అక్కడి చార్ల్‌స్టన్‌లో ఓడ ఆగితే మనవాళ్లను దింపి, ఓడ కదిలేదాకా జైల్లో పెడతారని ఈ వీధిలో తెలియని ఆడది లేదు. "హవానాయే" అన్నాడట టార్బెల్.

వెళ్లే ముందు ఆయనకి మందం కోటు కుట్టాను. లోపలి బట్టకి కొత్తది కొనే ఓపిక లేక నా ఎర్ర ఉన్ని లంగా చింపి వేశాను. ఇస్త్రీ చేసేటప్పుడు పరధ్యానంగా ఉండి ఎడమ చంక కింద కాల్చాను. కొమ్ము బొత్తాల్లో ఒకటి తక్కువైతే నాన్న పాత కోటుది ఎముక బొత్తం తీసి పైనుంచి నాలుగోదిగా కుట్టాను. మీ బావ తొడుక్కుని ఇల్లంతా తిరిగి, "పైకి నల్లగా, లోపల మంటగా. అచ్చం నా పెళ్లాంలాగే ఉంది" అన్నాడు. స్వేచ్ఛాపౌరుడని కస్టమ్స్ వాళ్లిచ్చిన కాగితం జేబులో ఉంటే తడుస్తుందని నేనే పెట్టె అడుగున పెట్టాను.

నువ్వు ఆయనకి ఒక మంచి మాట రాయి. నాకు రాసినా చదివి వినిపిస్తాను.

కోపంగా ఉన్నా నీ అక్కే అయిన
కెటూరా


లివర్‌పూల్
20 నవంబర్ 1836

అక్కా,

నీ ఉత్తరం శ్రీమతి గారిటీ గారి సత్రంలో అందింది. మా ఓడ ఎస్తర్ గేల్‌లో తెరచాపలు కట్టే పెద్ద స్తంభానికి బీట పడింది. మరమ్మతు పూర్తయ్యేదాకా మేం ఇక్కడే. ఈ చలికాలం అట్లాంటిక్ మొహం చూసే అవసరం నాకు లేదు.

బావతో నేనన్నది వెటకారం కాదు. ఉన్న మాట. పదేళ్ల క్రితం ఇదే ఓడలో పైకెక్కి తెరచాపలు చుట్టినవాళ్లలో సగంమంది మనవాళ్లు. ఇవాళ పైన ఒక్కడూ లేడు. కింద పొయ్యి దగ్గర నేనున్నాను, కెప్టెన్ బల్ల దగ్గర ఇంకొకడున్నాడు. నన్ను చెట్టంత స్తంభం మీంచి దింపి పొయ్యి దగ్గర కూర్చోబెట్టినప్పుడు నాకూ కాలింది. కానీ పొయ్యి దగ్గర వెచ్చగా ఉంటుంది, ఎవడూ కింద పడి చావడు. బావ పనితనం ఎరిగి చెప్పానే గాని తక్కువ చేసి కాదు. ఇది ఆయనకి చదివి వినిపించు. వినిపించేటప్పుడు నీ గొంతు మాత్రం పెట్టకు. నీ గొంతులో ప్రతిదీ తిట్టులాగే ఉంటుంది.

మా కెప్టెన్‌కి ఇవాళ పుడ్డింగులో ఎండుద్రాక్ష తక్కువైందట. "వంటవాడు తినేశాడా?" అన్నాడు. "లేదు సార్, ఎలుకలు. అవి కెప్టెన్ పుడ్డింగే తింటాయి, మా గంజి ముట్టవు" అన్నాను. నవ్వలేదు.

క్రిస్మస్‌కి బావ వస్తాడుగా. నా తరఫున ఒక గ్లాసు తాగమను.

ఏసా


పోర్ట్‌లాండ్
2 జనవరి 1837

ఏసా,

ఒక్క మాట సూటిగా అడుగుతున్నాను. మీ బావ నీ దగ్గరున్నాడా?

క్రిస్మస్ వెళ్లింది. కొత్త సంవత్సరం వచ్చింది. హవానా వెళ్లిన మిగతా ఓడలు మడ్డి పీపాలు దింపేసి మంచులో కట్టేసి ఉన్నాయి. హ్యారియట్ క్రేన్ జాడ లేదు. యజమాని థార్న్‌డైక్ గుమాస్తాని అడిగితే, "హవానా నుంచి ఇంకో సరుకు దొరికి లివర్‌పూల్ వెళ్లింది. సముద్రం మీద ఆలస్యాలు మామూలే" అన్నాడు. లివర్‌పూల్ మాట వినగానే నాకు సంగతి అర్థమైంది. ఇద్దరూ అక్కడ కలిసి రాజీపడి ఉంటారు. ఆయన అక్కడే నీ ఓడకి మారి, నాకు చెప్పడానికి మొహం చెల్లక ఊరుకుని ఉంటాడు. ఇంట్లో నేను గుమ్మం వైపు చూస్తుంటే మీరు సత్రంలో పాటలు పాడుకుంటున్నారు.

ఉంటే ఉండనీ. కోప్పడను. రాజీ పడినందుకు సంతోషమే. కానీ ఒక్క ముక్క రాయించు. పొయ్యిలోకి కట్టెలు నేనే కొడుతున్నాను, ముంజాయ్ కొండ మీద గాలికి పై కిటికీ పలక విరిగింది. ఇవన్నీ ఆయన వచ్చాక చెప్పి దెప్పుదామని దాచుకున్నాను. ఎక్కువైపోతున్నాయి.

ఆయన్ని ఆ కోటు తొడుక్కోమను.

కెటూరా


లివర్‌పూల్
11 జనవరి 1837

అక్కా,

కూర్చుని చదువు. పక్కన ఎవరైనా ఉంటే మంచిది.

నిన్న డాక్స్ దగ్గర ఒక డేన్ నావికుడు, డెన్మార్క్ వాడు, కనిపించాడు. పేరు ఈవర్. హ్యారియట్ క్రేన్ నుంచి దిగి అప్పుడే మూడు గుక్కలు తాగి ఉన్నాడు. వాడి వంటి మీద నువ్వు రాసిన కోటు ఉంది. పైనుంచి నాలుగో బొత్తం చూశాను. నాన్న బొత్తం నాకు తెలియదా? వాణ్ణి ఆపి కోటు తిప్పి చూపించమన్నాను. ఎర్ర ఉన్ని. చంక కింద కాలిన మచ్చ.

"ఈ కోటు ఎక్కడిది?" అన్నాను.

"స్తంభం దగ్గర పాడుకున్నా" అన్నాడు.

అంతకంటే ఏం అడగాలి అక్కా? మనిషి పోతే పెట్టె పెద్ద స్తంభం దగ్గరికి తెచ్చి, అందరి ముందూ విప్పి, తోటివాళ్లు వేలం పాడుకోవడం మన ఇంటికి కొత్త కాదు. నాన్న మంగలి కత్తి అలాగే ఇంకొకడి చేతుల మీదుగా మనకి చేరింది. ఈవర్‌కి మన భాష అంతంతమాత్రం. కోటు, పెట్టె, రెండు జతల బూట్లు, దువ్వెన, అన్నీ పోయాయన్నాడు. ఓడలో కెప్టెన్ తర్వాతి అధికారి, మేట్‌ని, వెతికి పట్టుకుని అడిగాను. "మనిషి పోయాడు. నన్ను విసిగించకు" అని తలుపేశాడు. కెప్టెన్ టార్బెల్ లండన్ వెళ్లాడట. ఓడ రేవులో పత్తి బేళ్లు దింపుతోంది. రేవు వంతెన మీద నిలబడి చూశాను. ఎవరిని ఏమడగాలో తోచలేదు.

నా మంచి బూట్లు వాడికిచ్చి కోటు తీసుకున్నాను. ఈ ఉత్తరం, కోటు న్యూయార్క్ వెళ్లే ఓడలో స్టీవర్డ్ చేతికిస్తున్నాను. మనవాడే. అక్కణ్ణుంచి బోస్టన్ పడవలో నీకు పంపుతాడు.

నేనన్న మాటకి ఆయన ఆ ఓడెక్కాడు. అది నువ్వు రాయకముందే నేను రాస్తున్నాను.

ఏసా


పోర్ట్‌లాండ్
20 మార్చి 1837

ఏసా,

నీ ఉత్తరం, కోటు పన్నెండో తారీఖున వచ్చాయి. మీటింగ్ హౌస్‌లో పాస్టర్ గారు ఆదివారం సముద్రం తీసుకున్నవాళ్లలో ఆయన పేరు చదివారు. ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. రొట్టెలు తెచ్చారు. నా బూడిద రంగు గౌను నల్ల రంగులో ముంచారు. ఇంతవరకూ అందరికీ జరిగేదే నాకూ జరిగింది.

నిన్న కోటు తీసి చూశాను. ఉతుకుదామని. చూస్తూ కూర్చుండిపోయాను.

ఏసా, ఆయనకి మందం కోటు ఇదొక్కటే. నవంబర్, డిసెంబర్ నెలల్లో అట్లాంటిక్ మధ్యలో స్తంభమెక్కి జారిపడిన మనిషి కోటు విప్పి, మడిచి, పెట్టెలో పెట్టి పడ్డాడా? రెండు జతల బూట్లు వేలంలో పోయాయని నువ్వే రాశావు. ఆయనకున్నవే రెండు జతలు. చొక్కాతో, వట్టికాళ్లతో మంచుగాలిలో పైకెక్కాడా? జబ్బు చేసి పోయాడంటావా, అలాగైతే మేట్ జబ్బు పేరు చెప్పేవాడు.

ఇంకొకటి. పత్తి బేళ్లు దింపుతోందని రాశావు. హవానాలో పత్తి ఎక్కడిది? పంచదార, పొగాకు, మడ్డి. అంతే. పత్తి ఏ దక్షిణాది రేవుల్లో ఎక్కిస్తారో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

నువ్వు "చచ్చాడా" అని అడిగావు. "ఎక్కడ" అని ఎవరినీ అడగలేదు.

ఈ మాట మన ఆడవాళ్లతో అంటే ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. "దుఃఖంలో అలాగే అనిపిస్తుందమ్మా" అని నా వీపు నిమిరారు.

27 మార్చి. ఉత్తరం ఇంకా మూయలేదు. మంచిదయింది.

థార్న్‌డైక్ దగ్గరికే వెళ్లాను. గుమాస్తా వద్దన్నా లోపలికి వెళ్లాను. "నా మొగుడు ఎక్కడ పోయాడు అయ్యా?" అన్నాను. ఆయన ఏవో కాగితాలు తిప్పి, "పోవడమేమిటి? చార్ల్‌స్టన్‌లో పారిపోయాడని టార్బెల్ రాశాడు. మా ఓడని వదిలి పారిపోయినవాడి జీతం అడగడానికి వచ్చావా?" అన్నాడు. అక్కడ మేట్ నీకు పోయాడన్నాడు, ఇక్కడ కెప్టెన్ యజమానికి పారిపోయాడని రాశాడు. నల్లవాడు చార్ల్‌స్టన్‌లో పారిపోయి ఎక్కడికి పోతాడు? జైల్లోకే. ఓడ కదిలేటప్పుడు జైలు ఖర్చు కట్టి కెప్టెన్ విడిపించుకోవాలి. విడిపించుకోకపోతే ఆ మనిషిని అమ్ముతారు. అదే అక్కడి చట్టం. టార్బెల్ కట్టలేదు. జీతమూ మిగిలింది, తిండి ఖర్చూ మిగిలింది. పెట్టె స్తంభం దగ్గర పెట్టి వేలం వేస్తే మిగతావాళ్లు నోరెత్తరు.

అమ్మారో, ఇంకా ఉన్నాడో తెలియదు. నేను వెళ్తే నన్నూ పట్టుకుంటారు. నువ్వు వెళ్తే నిన్నూ. ఏసా, నీ తల ఎటు తిరుగుతుందో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను. చార్ల్‌స్టన్ ఓడలో సంతకం పెట్టావంటే నా గుమ్మం తొక్కకు. ఇద్దరి కోసం వెతకలేను.

తెల్లవాడు వెళ్లాలి. కెప్టెన్ బ్రే చిన్న ఓడ, స్కూనర్, వచ్చే నెల సున్నం, ఎండుగడ్డి వేసుకుని చార్ల్‌స్టన్ వెళ్తోంది. ఆయన చొక్కాలు నేనే ఉతుకుతాను. అడిగాను. పొగాకు నములుతూ అంతా విన్నాడు. "చూడమ్మా, బానిసల సంగతిలో నాకు ఏ అభిప్రాయమూ లేదు. చర్చిలో వాళ్లు అరుస్తుంటే నిద్రపోతాను. కానీ సంతకం పెట్టించుకున్న మనిషిని రేవులో వదిలేసి పోయిన కెప్టెన్ గురించి మాత్రం ఉంది" అన్నాడు. జైలుకి వెళ్లి వెతుకుతానన్నాడు. కానీ ఆయన ఓడ వంటవాడు పెలెగ్ బాబాయి, మనవాడే. ఆయన్ని తీసుకెళ్తే ఆయన్నీ జైల్లో వేస్తారు. పెలెగ్ బాబాయి నేను అడగకముందే గరిటె కడిగి బ్రే చేతిలో పెట్టి, "ఈ ఒక్కసారికి మీ వంట మీరే చేసుకోండి. మీ కడుపుకి దేవుడే దిక్కు" అన్నాడు. రెండు నెలలు ఆయన ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో నేను అడగలేదు.

ఊరి క్లర్కు చేత, మీ బావ ఇక్కడే స్వేచ్ఛగా పుట్టాడని కాగితం రాయించి ముద్ర వేయించాను. కానీ కాగితంలో ఉన్నది ఎత్తు, రంగు, పేరు. అలాంటివాళ్లు ఆ జైల్లో నలుగురుంటారు. కస్టమ్స్ కాగితం పెట్టెతో పోయింది. అందుకే కోటు పంపుతున్నాను. కోటు చూపించక ముందు అది ఎలా ఉంటుందో మీ బావనే చెప్పమనాలని బ్రేతో గట్టిగా చెప్పాను.

నల్ల గౌను విప్పేశాను. వీధి అంతా చూస్తోంది. చూడనీ.

కెటూరా


లివర్‌పూల్
22 ఏప్రిల్ 1837

అక్కా,

నీ జనవరి ఉత్తరం ఫిబ్రవరిలో వచ్చింది. బావా నేనూ సత్రంలో పాటలు పాడుకుంటున్నామని రాసిన ఉత్తరం. అది చదివి జవాబు రాయలేకపోయాను. నీ మార్చి ఉత్తరం మొన్న వచ్చింది. మా ఓడ మరమ్మతయి వెళ్లిపోయింది, నేను మాత్రం ఈ సత్రంలోనే ఆగిపోయాను.

ఈవర్‌ని వెతికాను. వేళ్లు నలిగి నావికుల ఆసుపత్రిలో ఉన్నాడు. పక్కనే ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాను.

"నువ్వు హ్యారియట్ క్రేన్ ఎక్కడ ఎక్కావు?"

"చార్ల్‌స్టన్. ఒక మనిషి తక్కువ, రా అన్నారు. వచ్చా."

"ఆ తక్కువైన మనిషి ఎవరు?"

"నల్లవాడు. పాటగాడట. డెక్కు కడుగుతుంటే షెరీఫ్ మనుషులొచ్చి పట్టుకుపోయారు. చొక్కాతో. వట్టికాళ్లతో. ఎండగా ఉంది ఆ రోజు. ఓడవాళ్లు చెప్పారు."

"తర్వాత?"

"పత్తి నిండింది. గాలి అనుకూలించింది. మేట్ అడిగాడు, వాణ్ణి తేవాలా అని. కెప్టెన్ ఆకాశం కేసి చూసి లంగరెత్తమన్నాడు. మూడో రోజు పెట్టె స్తంభం దగ్గరికొచ్చింది."

"జనవరిలో నాకిది ఎందుకు చెప్పలేదురా?"

వాడు నన్ను వింతగా చూశాడు. "నువ్వు కోటు ఎక్కడిదని అడిగావు. చెప్పాను. ఇంకేమీ అడగలేదు. ఏడుస్తూ బూట్లు విప్పావు."

కోపం చూపించడానికి నాకు ఎవరూ మిగల్లేదు. వాడు అబద్ధం చెప్పలేదు.

వాడు చెప్పిందంతా మన దేశపు కాన్సుల్ ఆఫీసులో ప్రమాణం చేయించి, రాయించిన కాగితం ఒకటి నీకు, ఒకటి చార్ల్‌స్టన్‌కి బ్రే పేరున పంపాను. బ్రే అక్కడ ఉండగా అందుతుందో లేదో తెలియదు. నువ్వు ఊహించింది నిజమే, ఇక్కడ ఒక పత్తి ఓడలో సంతకం పెట్టడానికి బల్ల దాకా వెళ్లాను. కలం చేతిలో ఉంది. నీ గుమ్మం గుర్తొచ్చి పెట్టేశాను. వంటవాడిగా వెళ్లి అదే జైలు గదిలో కూర్చుంటే బావకి నవ్వుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాను.

టార్బెల్ మీద ఇక్కడ ఫిర్యాదు తీసుకునేవాడు లేడు. ఎవరినడిగినా అది అమెరికా ఓడ అంటున్నారు.

బ్రే తిరిగొచ్చిన రోజునే రాయి. మంచైనా, చెడైనా.

ఏసా


పోర్ట్‌లాండ్
19 జూన్ 1837

తమ్ముడూ,

మీ బావ ఇంట్లో ఉన్నాడు. ముందు ఇది చదివి, ఊపిరి తీసుకుని, తర్వాత మిగతాది చదువు.

బ్రే స్కూనర్ ఏడో తారీఖున వచ్చింది. రేవులోకి నేను వెళ్లలేదు. పెలెగ్ బాబాయి వెళ్లి తీసుకొచ్చాడు. గుమ్మంలో నిలబడ్డ మనిషి సగమయ్యాడు. జ్వరానికి జుట్టు రాలింది. నన్ను చూసి, "కిటికీ పలక విరిగింది" అన్నాడు. ఆర్నెల్లుగా దెప్పుదామని దాచుకున్న మాట ఆయనే అనేశాడు. ఆ మాటకి గుమ్మంలోనే కూర్చుని ఏడ్చాను.

జైల్లో జరిగింది బ్రే చెప్పాడు. జైలరు నలుగురిని వరసగా నిలబెట్టి, "పోర్ట్‌లాండ్ మనిషి ఎవడు?" అంటే ఇద్దరు ముందుకొచ్చారట. మీ బావ కాని ఆ ఇంకొకణ్ణి తప్పుబట్టలేను. బ్రే సంచి విప్పలేదు. "నీ పెళ్లాం కుట్టిన కోటు ఎలా ఉంటుందో చెప్పు" అన్నాడు. ఆ ఇంకొకడు నీలం అన్నాడు. మీ బావ, "లోపల ఎర్ర ఉన్ని. ఆవిడ లంగా. ఎడమ చంక కింద కాల్చింది. నాలుగో బొత్తం మామగారిది" అన్నాడు. జైలరు కోటు తిరగేసి చూసి పగలబడి నవ్వాడట. "పెళ్లాం లంగా తొడుక్కుని సముద్రాలు తిరిగే మగాడివా నువ్వు?" అన్నాడట. "అవునండీ" అన్నాడట మీ బావ. బ్రే జైలు ఖర్చు కట్టి సంతకం చేశాడు. నువ్వు పంపిన కాగితం వాళ్లు బయల్దేరే రోజున అందింది. ఇప్పుడు నా దగ్గరుంది.

టార్బెల్ మన రేవులోనే ఉన్నాడు. హ్యారియట్ క్రేన్ మళ్లీ పలకలు ఎక్కించుకుంటోంది. థార్న్‌డైక్‌కి ఈవర్ ప్రమాణం చూపించాను. "డేన్‌వాడి మాట" అన్నాడు.

ఇప్పుడు నీతో పని. ఇది మీ బావ కోరిక, నాది కూడా.

ఈయన ఇన్నాళ్లు అమ్ముడుపోకుండా ఉన్నది జ్వరం వల్ల. జబ్బు మనిషిని ఎవరూ కొనరని జైలువాళ్లు ఆగారు. జ్వరంలో ఉండగా చూసుకున్నవాడు పక్క చాప మీద ఉన్న ఒక వంటవాడు, ఆంబ్రోస్ లేకీ. లివర్‌పూల్ ఓడ మనిషి. వాళ్ల కెప్టెన్ కూడా విడిపించుకోకుండా పోయాడు. జైలు మొక్కజొన్న జావ నానబెట్టి, వడకట్టి, తన వాటా కూడా కలిపి మీ బావ నోట్లో పోసేవాడట. "పాటగాడా, మింగు. నా వంట వద్దన్నవాడు ఇంతవరకూ ఏ ఓడలోనూ లేడు" అనేవాడట. ఆంబ్రోస్‌కి ఏ జబ్బూ లేదు. ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున్న అమ్మకానికి పేరు పిలిచారు. వెళ్తూ బూట్లు విప్పి మీ బావ కాళ్లకి తొడిగి, "నాకు వాళ్లు వేరేవి ఇస్తారులే. ఇవి నోరాకి చేర్చు" అన్నాడట. బ్రే అక్కడికి చేరింది తర్వాత వారంలో.

మీ బావ ఆ బూట్లతోనే ఇంటికి వచ్చాడు. తుడిచి నీకు పంపుతున్నాను. ఆంబ్రోస్ పెళ్లాం నోరా లేకీ లివర్‌పూల్ పిట్ స్ట్రీట్ దగ్గర, తెరచాపలు కుట్టే కొట్టు వెనక సందులో ఉంటుంది. వెళ్లు. కానీ ఏసా, ఒక్క సంగతి. ఆ ఓడవాళ్లు ఆయన సామాను కూడా స్తంభం దగ్గర వేలం వేసే ఉంటారు. ఆమె కూడా నల్ల గౌనులో ఉండి ఉంటుంది. తలుపు తీయగానే బూట్లు చూపించావంటే ఆమె అనుకునేది ఒకటే. నువ్వనుకున్నదే, నేననుకున్నదే. ముందు నోరు విప్పు. తర్వాతే బూట్లు.

మీ బావ పక్కనే ఉన్నాడు. రాయమంటున్నాడు: గరిటె గురించి అన్నది వెనక్కి తీసుకుంటున్నాడట. ఇంకా పాడలేదు. నేను అడగలేదు.

కోటు మేకుకి తగిలించి ఉంది. తొడుక్కోమంటే, "అది ఒకసారి అమ్ముడుపోయింది" అంటున్నాడు. చలికాలం వస్తే తొడుక్కుంటాడు.

నీ
కెటూరా


లివర్‌పూల్
3 ఆగస్టు 1837

అక్కా, బావా,

బూట్లు నిన్న అందాయి. ఇవాళ పొద్దున వెళ్లాను.

సందు దొరికింది. బూట్లు సంచిలో వేసి, సంచి వీపు వెనక పట్టుకున్నాను. తలుపు తీసిన ఆవిడ ఐర్లండు మనిషి, పొడుగ్గా ఉంది. నల్ల గౌను. నువ్వన్నట్టే.

"గదులు ఖాళీ లేవు" అంది.

"గది కోసం రాలేదమ్మా. నీ మొగుడు ఆంబ్రోస్ చచ్చిపోలేదు" అన్నాను.

తలుపు పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. ఎవరు చెప్పారు అనలేదు, నువ్వెవరు అనలేదు.

"ఎక్కడ?" అంది.

అక్కా, ఆ మాట వినడానికి నేను సిద్ధంగా లేను. జనవరిలో వంతెన మీద నా నోటికి రాని మాట ఆవిడ నోట మొదటే వచ్చింది. చార్ల్‌స్టన్‌లో ఉన్నాడని, ఏప్రిల్‌లో అమ్మారని చెప్పాను. ఎవరికి అంది. తెలియదన్నాను. ఏ దిక్కుకి తీసుకెళ్లారు అంది. తెలియదన్నాను. అప్పుడు సంచి విప్పాను. ఆవిడ ఎడమ బూటు తీసుకుని మడమ దగ్గర అతుకు మీద వేలు పెట్టి చూసి, "ఇది నేను వేయించిందే" అంది. బూట్లు లోపల పొయ్యి పక్కన పెట్టింది, మనిషి రాత్రికి వచ్చి విప్పి పెట్టినట్టు.

"కూర్చో" అనలేదు. లోపలికెళ్లి తలుపేసుకుంది. నేను మెట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి గోధుమ రంగు గౌనులో బయటికొచ్చింది. "ఆయన కింగ్‌స్టన్‌లో పుట్టాడు. ఇంగ్లీషు రాజ్యపు మనిషి. ఇంగ్లీషు ఓడ ఎక్కాడు. పద" అంది.

"ఎక్కడికమ్మా?"

"ఆ ఓడ యజమాని దగ్గరికి. నువ్వు నాకు చెప్పింది ఆయనకి చెప్పు. ఆయన విన్నాక కాన్సుల్ దగ్గరికి. ఆయన విన్నాక ఇంకొకడి దగ్గరికి."

బావా, నీకు గుర్తున్నదంతా రాయి. ఆంబ్రోస్‌ని పిలిచిన మనిషి పేరు, బయట బండి చప్పుడు విన్నావా, ఏ వైపు వెళ్లింది, జైలువాళ్లు తమలో తాము ఏ ఊరి మాటైనా అనుకున్నారా. చిన్నదైనా వదలకు. కూర్చోలేకపోతే పడుకుని చెప్పు, అక్క రాస్తుంది. నేనీసారి ఏ మాటా అడగకుండా వదలను.

ఇది ఆ యజమాని ఆఫీసు బయట బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. నన్ను తర్వాత పిలుస్తారట. గుమాస్తా ఆవిణ్ణి ఆపబోయాడు, ఆగలేదు. లోపల ఉంది. తలుపు మూసి ఉన్నా గొంతు ఇక్కడికి వినిపిస్తోంది.

మీ
ఏసా